బ్యాంకు గుమ్మంలో డబుల్ బ్యారెల్



రోజుకు 81 రూపాయలు. కాపలా కాసే మనిషి చేతిలో తుపాకి కూడా ఉంటే కేంద్ర ప్రభుత్వం 2024లో కట్టిన అదనపు వెల ఇది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కనీస వేతనాల పట్టిక చూడండి. అప్పట్లో పెద్ద నగరాల్లో ఆయుధం లేని కాపలా మనిషికి రోజుకు 954 రూపాయలు, ఆయుధం ఉన్నవాడికి 1,035. నెలకు ఇరవయ్యారు రోజులు లెక్కేస్తే తేడా 2,106 రూపాయలు. అది కూడా రైల్వేలు, గనులు, ఓడరేవుల్లాంటి కేంద్రం పరిధిలోని చోట్ల మాట. చిన్న ఏజెన్సీల దగ్గర ఆ మాత్రం కూడా చేతికి రాదని ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎవరిని కదిలించినా చెబుతారు.

ఆ తుపాకి గార్డు చేతికి ఎలా వస్తుంది, ఏ కాగితం మీద వస్తుంది, అది పేలిన రోజు ఎవరి మెడకు చుట్టుకుంటుంది అన్నది ఈ పూట చెప్పుకుందాం. సైన్యం నుంచి దిగి ఇంటికొచ్చి, ఇంకా నలభై దాటని వయసులో రెండో ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. మిలిటరీ మాధవరం లాంటి ఊరైతే ఇంటింటా ఆ కథే. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది నాలుగేళ్ళకే బయటికి వస్తారు, ఇరవైల వయసులోనే. వాళ్ళలో కొందరు ఈ దారికే వస్తారు. కాబట్టి ఇది వాళ్ళకూ, వాళ్ళను పనిలో పెట్టుకునేవాళ్ళకూ చెబుతున్న మాట.

ముందు ఒక ప్రశ్న వేసుకుందాం. బ్యాంకు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న గార్డు ఒళ్ళో డబుల్ బ్యారెల్ ఉందే, అది ఎవరిది?

కొన్నిచోట్ల అది బ్యాంకుదే. సంస్థ అవసరానికి లైసెన్సు తీసుకుని తుపాకి కొంటారు. దాన్ని పట్టుకునే గార్డు పేరు, ఫొటో ఆ లైసెన్సులో ఎక్కిస్తారు. అలా పేరెక్కినవాణ్ణి రిటైనర్ అంటారు. ఉద్యోగం మానేస్తే పేరు తీసేయాలి, కొత్తవాడు వస్తే అతని పేరు ఎక్కించాలి. పేరు ఎక్కకముందే ఇవాళ్టికి సర్దుకోమని తుపాకి చేతికిచ్చారనుకోండి, అతను లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకున్నట్టే లెక్క. ఇచ్చినవాళ్ళకూ తప్పదు. ఎదుటి మనిషికి అర్హత ఉందో లేదో చూడకుండా ఆయుధం అప్పగించడం ఆయుధాల చట్టం 29వ సెక్షన్ కింద నేరం.

చాలాచోట్ల మాత్రం ఆ తుపాకి గార్డు సొంతం. సొంత గన్, లైసెన్సు ఉన్న మాజీ సైనికులు కావలెను అని ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఏజెన్సీకి తుపాకి ఖర్చు లేదు, లైసెన్సు తలనొప్పి లేదు, రెన్యువల్ గొడవ లేదు. మనిషిని జీతానికి పెట్టుకుంటే తుపాకి వెంట వస్తుంది. కౌలుకు పొలం ఇస్తూ ఎడ్లూ అరకా నువ్వే తెచ్చుకోమన్నట్టు. ఈ పద్ధతి నాకు నచ్చదు. తుపాకి మోయమని చెప్పి లాభం తీసుకునేవాడు ఒకడు, తుపాకి బాధ్యతంతా మోసేవాడు ఇంకొకడు కావడం న్యాయం అనిపించదు.

ఇక్కడ ఒక అపోహ కూడా ఉంది. సెక్యూరిటీ ఏజెన్సీ నడపడానికి 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద ఒక లైసెన్సు కావాలి. మా ఏజెన్సీకి లైసెన్సుంది కదా అని కొందరు యజమానులు గార్డుల్ని నమ్మిస్తారు. అది ఏజెన్సీ పెట్టుకోవడానికి అనుమతి. దానితో ఒక్క తూటా కూడా రాదు. తుపాకి సంగతి చూసేది 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు.

సరే, ఒక మాజీ సైనికుడు లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలనుకున్నాడు. ఎక్కడ పెట్టాలి? జిల్లాలో అయితే కలెక్టరు, హైదరాబాద్ లాంటి చోట పోలీసు కమిషనరు. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. వయసు ఇరవై ఒకటి నిండాలి. గుర్తింపు, చిరునామా కాగితాలు సరే. ఆరోగ్యం బాగుందని, మనసు స్థిమితంగా ఉందని, మద్యానికీ మత్తుకూ బానిస కాదని డాక్టరు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణ పొందిన పత్రం కావాలి. ఇంట్లో తుపాకిని ఎక్కడ, ఎలా దాస్తాడో హామీ రాసివ్వాలి. దౌర్జన్యం లేదా నీతిమాలిన నేరంలో జైలుశిక్ష పడితే, శిక్ష ముగిశాక అయిదేళ్ళ వరకు అర్హత లేదు.

దరఖాస్తు చేరాక పోలీసు స్టేషన్ నుంచి విచారణ జరుగుతుంది. ఇంటికొస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు, పాత కేసులు తిరగేస్తారు. ముప్పై రోజుల్లో నివేదిక ఇవ్వాలని, అది అందిన అరవై రోజుల్లో అధికారి అవుననో కాదనో తేల్చాలని నిబంధన. మన దగ్గర ఫైళ్ళు ఎంత వేగంగా కదులుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాకపోతే ఆ గడువులు కాగితం మీద ఉన్నాయన్న సంగతి తెలిసి ఉంటే, మూడు నెలలు దాటాక వెళ్ళి అడగడానికి నోరు లేస్తుంది.

కాదంటే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజా ప్రయోజనం దృష్ట్యా కారణాలు చెప్పకూడదనుకుంటే తప్ప అడిగినవాడికి వాటిని తెలపాలి. ఆ పైన అప్పీలు ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఒకప్పుడు తుపాకి లైసెన్సంటే జమీందారు ఇంటి గోడ మీది అలంకారం. 1878లో తెల్లవాళ్ళు తెచ్చిన పాత చట్టం ఎవరు పట్టుకోవచ్చో, ఎవరు పట్టుకోకూడదో హోదాను బట్టి తేల్చింది. ఆ వాసన పోగొట్టడానికే స్వతంత్రం వచ్చాక ఈ మాట చట్టంలో చేర్చారని నా ఉద్దేశం. అద్దె ఇంట్లో ఉండే గార్డుకు పనికొచ్చే వాక్యం అది.

ఇంతకీ గార్డుల చేతుల్లో ఎప్పుడు చూసినా ఆ పొడుగాటి డబుల్ బ్యారెలే ఎందుకుంటుంది? పిస్తోలు ఎందుకుండదు? దానికీ చట్టంలోనే జవాబుంది. గొట్టం లోపల నున్నగా ఉండి, పొడుగు ఇరవై అంగుళాలకు తగ్గని తుపాకిని రక్షణ కోసం పౌరుడు అడిగితే, అనర్హత ఏదీ లేనప్పుడు ఇవ్వాలన్న ధోరణిలో ఉంటుంది 13వ సెక్షన్. అదే రివాల్వరుకో రైఫిలుకో అయితే, తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. కాబట్టి ఆ డబుల్ బ్యారెల్‌కు, అంటే పన్నెండు బోరు తుపాకికి, దారి కాస్త సులువు. సైన్యంలో ఏళ్ళ తరబడి పట్టిన తుపాకుల రకం ఇక్కడ దొరకదు. అవి నిషిద్ధ ఆయుధాల జాబితాలోవి. పదిహేడేళ్ళు సైన్యంలో చేసొచ్చినవాడు కూడా పన్నెండు బోరును కొత్తగా అలవాటు చేసుకోవాల్సిందే. అందులో తూటా పేలితే ఒక్క గుండు పోదు, చాలా రకాల్లో సీసపు గుళ్ళు కొన్ని ఒకేసారి చెదిరి పోతాయి. పింఛన్ల రోజున కిక్కిరిసిన బ్యాంకు హాల్లో దాన్ని పేలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

లైసెన్సు వచ్చాక గడువులోగా తుపాకి కొని, దాని నంబరు లైసెన్సులో ఎక్కించుకోవాలి. ప్రతి లైసెన్సుకూ జాతీయ రిజిస్టరులో ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని పాత పుస్తకం చూపించి పని చేయిస్తామంటే నమ్మకండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు అయిదేళ్ళు చెల్లుతుంది, అంతకుముందు మూడేళ్ళే. ఇంకా ముఖ్యమైనది, ఆ లైసెన్సు ఎక్కడ చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. జిల్లా అని ఉంటే జిల్లా, రాష్ట్రం అని ఉంటే రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే లైసెన్సు పెట్టుకుని గచ్చిబౌలిలో డ్యూటీ ఎక్కితే, ఆ పూట అతని దగ్గరున్నది లైసెన్సు లేని తుపాకే. అలాంటి కేసుకు ఇప్పుడు కనీస శిక్ష రెండేళ్ళు, అయిదేళ్ళ దాకా పడవచ్చు.

మరొకటి. దరఖాస్తులో తుపాకి ఎందుకు అన్న గడి ఉంటుంది. చాలామంది అక్కడ ఆత్మరక్షణ అని రాసేసి, ఆ తుపాకితో జీతానికి కాపలా కాస్తారు. ఏదైనా జరిగితే మొదట బయటికొచ్చేది ఈ తేడాయే. చేయబోయే పని గార్డు ఉద్యోగమైతే ఆ మాటే రాయండి. ఇవ్వకపోతే కారణం అడగవచ్చు. అబద్ధం రాసి తెచ్చుకున్న లైసెన్సును మాత్రం రద్దు చేసే అధికారం వాళ్ళకుంది.

ఇక శిక్షణ. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే. గార్డుగా చేరే మనిషికి తరగతి గదిలో 100 గంటలు, మైదానంలో 60 గంటలు శిక్షణ ఇవ్వాలని కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనలు చెప్పాయి. మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ 40, 16 గంటలు చాలన్నాయి. మగవాళ్ళకు ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80, ఆరు నిమిషాల్లో కిలోమీటరు పరుగు, ఇవన్నీ లెక్కగా రాశారు. పాఠాల జాబితాలో యూనిఫాం వేసుకునే పద్ధతి ఉంది, మంటలార్పడం ఉంది, ప్రథమ చికిత్స ఉంది, పోలీసుల హోదా చిహ్నాలు గుర్తుపట్టడం కూడా ఉంది. తుపాకి వాడకం కూడా ఉంది, కానీ దాని పక్కన ఐచ్ఛికం అని రాశారు! ఇష్టమైతే నేర్చుకోవచ్చు. నిజమే, గార్డుల్లో ఎక్కువమందికి లాఠీ తప్ప ఏమీ ఉండదు, అందరికీ తుపాకి పాఠం అక్కర్లేదు. అయితే తుపాకి పట్టేవాడికైనా ఈ శిక్షణలోనే దాన్ని తప్పనిసరి చేయొచ్చు కదా. లైసెన్సు కోసం తెచ్చుకునే భద్రతా శిక్షణ పత్రం ఒక్కటే మిగిలింది. అది తుపాకిని ఎలా పట్టుకోవాలో నేర్పుతుంది. బ్యాంకు హాల్లో, రోడ్డు మీద, జనం మధ్య ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో వేరే నేర్చుకోవాలి.

ఆ ఎప్పుడు అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే గార్డులు చిక్కుల్లో పడేది అక్కడే. ఖాకీ లాంటి యూనిఫాం, భుజాన తుపాకి ఉన్నంత మాత్రాన గార్డుకు పోలీసు అధికారాలు రావు. మీకూ నాకూ ఉన్న హక్కే అతనికీ ఉంది, ఒక్క పిసరు ఎక్కువ లేదు. ఆ హక్కు ఆత్మరక్షణ హక్కు. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు వచ్చాయి. సారాంశం మారలేదు. అవసరమైనంత కన్నా ఎక్కువ హాని చేయకూడదు. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు పుట్టదు.

ఆస్తిని కాపాడుకోవడంలో ఎదుటివాడి ప్రాణం పోయినా తప్పు కాని సందర్భాలు చట్టం కొన్నే చెప్పింది. దోపిడీ, పొద్దుగూకాక పొద్దు పొడవకముందు ఇల్లు పగలగొట్టి చొరబడడం, మనుషులుండే చోటికో సరుకు నిలవచేసే చోటికో నిప్పంటించడం, చావో తీవ్రమైన గాయమో తప్పదని సహేతుకంగా భయపడేలా జరిగే దొంగతనం. ఇప్పుడు ఒక మనిషి కౌంటరు మీది నోట్ల కట్ట లాక్కుని గేటు దాటి పరిగెత్తుతున్నాడనుకోండి. చేతిలో కత్తి లేదు, ఎవరినీ బెదిరించలేదు. గార్డు వెంటపడొచ్చు, పట్టుకోవచ్చు, పోలీసులకు అప్పగించొచ్చు. వీపు మీద కాలిస్తే మాత్రం బోనెక్కేది గార్డే. సినిమాల్లో ఇది తిరగబడి ఉంటుంది, అందుకే కుర్రాళ్ళకు విడమర్చి చెప్పాలి. అదే దొంగ నాటు తుపాకి గురిపెట్టి డబ్బు పెట్టె అడిగితే అది దోపిడీ, అప్పుడు లెక్క వేరు. ఈ రెండింటి మధ్య తేడా తేల్చుకోవడానికి గార్డుకు దొరికే సమయం రెండు క్షణాలు. ఆ తర్వాత కోర్టు దాన్ని తీరిగ్గా ఏళ్ళ తరబడి చర్చిస్తుంది.

దొంగలు లేనప్పుడు కూడా తుపాకి తుపాకే. 2021 జూలైలో హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని ఒక బ్యాంకు శాఖలో గార్డుకూ, అక్కడే పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగికీ మాటామాటా పెరిగి గార్డు కాల్చాడు. మంచీ చెడూ తెలిసిన వయసు మనిషే. రోజంతా నిలబడి, రాత్రి డ్యూటీ కలిపి చేసి, సెలవు దొరకని మనిషి చేతిలో ఆయుధం పెట్టేటప్పుడు ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగేవాళ్ళు ఉండాలి. డాక్టరు పత్రం దరఖాస్తు వేళ ఇస్తారు. లైసెన్సు అయిదేళ్ళుంటుంది. ఈ మధ్యలో మనిషికి ఏమైనా కావచ్చు.

ఏటీఎంలకు డబ్బు మోసే వ్యాన్ల పని మరీ ప్రమాదం. 2018లో కేంద్రం వాటికి ప్రత్యేక నిబంధనలు చేసింది. ఒక వ్యానులో డ్రైవరు, డబ్బు చూసుకునే ఇద్దరు, ఆయుధాలున్న గార్డులు ఇద్దరు ఉండాలి. గార్డుల్లో ఒకరు డ్రైవరు పక్కన, ఇంకొకరు వెనక. టీకి ఆగినా, మరో అవసరానికి ఆగినా ఒక గార్డు వ్యాను వదలకూడదు. ఒక్క ట్రిప్పులో అయిదు కోట్లకు మించి తీసుకెళ్ళకూడదు. పట్టణాల్లో రాత్రి తొమ్మిది తర్వాత, పల్లెల్లో సాయంత్రం ఆరు తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో నాలుగు గంటలకే ఆపేయాలి. మనకు సంబంధించిన సంఘటన ఒకటి గుర్తు చేస్తాను. 2025 జనవరి 16న బీదర్‌లో బ్యాంకు ముందే వ్యాను సిబ్బంది మీద పట్టపగలు కాల్పులు జరిపి డబ్బు ఎత్తుకెళ్ళారు. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ఆ దొంగలు అదే రోజు హైదరాబాద్ చేరి అఫ్జల్‌గంజ్‌లో మళ్ళీ కాల్పులు జరిపారు. అదే ఏడాది నవంబరులో బెంగళూరులో మాత్రం రిజర్వు బ్యాంకు అధికారులమని చెప్పి వ్యాను ఆపి ఏడు కోట్లకు పైగా పట్టుకెళ్ళారు. రోడ్డు మీద ఆపిన అధికారి నిజమైనవాడా కాదా అని ఒక ఫోను చేసి తేల్చుకోవడం కూడా కాపలాలో భాగమే, దానికి పన్నెండు బోరు సాయపడదు.

ఇక దొంగ లైసెన్సుల సంగతి. ఇది హైదరాబాద్ దాకా వచ్చింది. జమ్మూకశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య అర్హత లేనివాళ్ళకు 2.78 లక్షల దాకా తుపాకి లైసెన్సులు ఇచ్చారన్న ఆరోపణ మీద సీబీఐ దర్యాప్తు చేసింది. ఆ పుస్తకాలు దేశం నలుమూలలకూ వెళ్ళాయి. 2022లో హైదరాబాద్ పోలీసులు అక్కడి నకిలీ లైసెన్సులతో ఇక్కడ గార్డు పనుల్లో ఉన్నవాళ్ళ తుపాకులు ముప్పైకి పైగా పట్టుకున్నారు. లైసెన్సులు తయారుచేసి అమ్మిన ముఠా కూడా దొరికింది. ఆ గార్డుల్లో కొందరు ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి ఆ పుస్తకం కొని ఉంటారు, అది నకిలీదని తెలిసో తెలియకో. కానీ కోర్టులో నాకు తెలియదు అన్న మాటకు బరువు తక్కువ. వాళ్ళను పెట్టుకున్న సంస్థలు ఒక్కసారి సంఖ్య సరిచూసుకుని ఉంటే చాలా తుపాకులు గుమ్మంలోనే ఆగిపోయేవి. చౌకగా మనిషి దొరికాడని చూడలేదు, అంతే.

చిన్న చిన్న జాగ్రత్తలు కొన్ని చెప్పి ముగిస్తాను. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్ళేటప్పుడు బస్సులో, స్కూటరు మీద తుపాకి బయటికి కనబడేలా పట్టుకెళ్ళకూడదు, కవరులో ఉండాలి. పెళ్ళిలో సరదాకు గాల్లోకి కాలిస్తే ఇప్పుడు రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకులు స్టేషన్‌లో అప్పగించమంటారు. బ్యాంకు డ్యూటీ మీద ఉన్నవాళ్ళకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు, కానీ అది అడిగి రాయించుకోవాలి, తనంతట రాదు. ఇల్లు మారితే కొత్త చిరునామా తెలియజేయాలి. తుపాకి పోయినా, తూటా పోయినా ఆ రోజే ఫిర్యాదు ఇవ్వాలి.

బ్యాంకు మేనేజర్లకు, నగల దుకాణాల వాళ్ళకు, కాపలాకు తుపాకి కావాలనుకునే ఎవరికైనా ఒక విన్నపం. గార్డును పనిలో పెట్టుకునే రోజున లైసెన్సు తీసి చూడండి. ప్రత్యేక సంఖ్య, చెల్లే ప్రాంతం, గడువు, తుపాకి మీది నంబరు, ఈ నాలుగూ కలవాలి. అనుమానం వస్తే పోలీసు కమిషనరేట్‌లోనో, కలెక్టరు కార్యాలయంలోనో అడగండి. గార్డు రెన్యువల్ ఖర్చు, శిక్షణ ఖర్చు మీరు భరించండి.

కొత్తగా ఈ పనికి వస్తున్న తమ్ముళ్ళకు ఇంకో మాట. నెలలో లైసెన్సు ఇప్పిస్తా, ముందు ఇంత డబ్బు కట్టు అని ఎవరైనా అంటే పైసా ఇవ్వకండి. దరఖాస్తు మీరే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, మధ్యవర్తి అవసరం లేదు. అలా అడిగినవాడి పేరు, ఫోను నంబరు దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో చెప్పండి.